ముందు లైన్, చివర్న రీల్: ఫ్లై ఫిషింగ్ సామాను మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఫ్లై ఫిషింగ్ కొత్తగా మొదలుపెట్టాలనుకునే వాళ్లవే. ఏం కొనాలి, ఏది ముందు కొనాలి, ఏది లేకపోయినా నడుస్తుంది, ఇవే అందరి సందేహాలు. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి గాలం వేసే అలవాటు ఉంది. స్పిన్నింగ్ రాడ్, రీల్ రెండూ ఉన్నాయి. వాటికే ఫ్లై కట్టి వేస్తే సరిపోదా? మళ్లీ అంతా కొత్తగా కొనాలా?

సరిపోదండీ. మామూలు గాలం దూరం వెళ్లేది ఎర బరువు వల్ల. సీసం గుండో, లోహపు లూరో ముందుకు దూసుకుపోతుంటే సన్నటి దారం దాని వెనకాలే రీల్ నుంచి ఊడి వెళ్తుంది. ఫ్లై అలా కాదు, కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులాగా తయారుచేసింది, దానికి బరువనేదే దాదాపు ఉండదు, విసిరితే కాళ్ల ముందే పడుతుంది. అందుకని ఇక్కడ బరువుని లైన్‌లోనే పెట్టారు. ప్లాస్టిక్ పూత ఉన్న లావుపాటి లైన్ అది. రాడ్‌ని వంచేది అదే, గాల్లో మెలిక విప్పుకుంటూ ముందుకు సాగేది అదే, ఫ్లై దాని కొసన ఊరికే వెళ్లి నీళ్ల మీద వాలుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా సామాను అంతా ఎందుకు అలా ఉందో దానంతటదే అర్థమవుతుంది.

స్పిన్నింగ్ రాడ్‌తోనే ఫ్లై వేసే మార్గం ఒకటుంది. లోపల నీళ్లు నింపుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ బెండు దొరుకుతుంది, దాన్ని కట్టి కొంచెం కింద ఫ్లై కడతారు, బెండు బరువుతో అది దూరం వెళ్తుంది. చేపలు పడతాయి కూడా. కానీ మీరు నేర్చుకోవాలనుకుంటున్నది లైన్ బరువుతో విసిరే ఆ కాస్టింగే అయితే దానికి ఫ్లై రాడ్ కావాల్సిందే. మీకున్న పాత అనుభవం మాత్రం ఎక్కడికీ పోదు. చేప ఏ రాయి చాటున ఉంటుంది, ఏ పూట మేతకి వస్తుంది అన్నది తెలిసినవాళ్లకి సగం పని అయిపోయినట్టే.

ప్రశ్న: రాడ్ మీద 9 అడుగులు, 5 వెయిట్, 4 ముక్కలు అని రాసి ఉంటుంది. ఈ వెయిట్ రాడ్ బరువా? మొదటి రాడ్ ఏది తీసుకోమంటారు?

రాడ్ బరువు కాదు. ఆ రాడ్‌కి ఏ లైన్ సరిపోతుందో చెప్పే అంకె అది. అమెరికాలో ఫిషింగ్ సామాను తయారుచేసేవాళ్ల సంఘం 1960ల మొదట్లో ఈ పద్ధతి పెట్టింది. లైన్ మొదటి 30 అడుగుల బరువు తూచి దానికో నంబర్ ఇస్తారు. 3 వెయిట్ లైన్ అయితే ఆ 30 అడుగులు సుమారు 6.5 గ్రాములు, 5 వెయిట్ అయితే 9 గ్రాములు, 8 వెయిట్ అయితే 13.6 గ్రాములు. 5 వెయిట్ రాడ్‌కి 5 వెయిట్ లైనే వేయాలి. 3 వెయిట్ లైన్ వేస్తే రాడ్ వంగదు, 8 వేస్తే కుప్పకూలుతుంది, తప్పు మీ చేతిలో ఉందనుకుని మీరు బాధపడతారు.

చిన్న వాగుల్లో చిన్న చేపలకి 3 వెయిట్, మామూలు నదుల్లో ట్రౌట్ అనే చల్లటి నీళ్ల చేపకి 5, పెద్ద బాస్‌కి, లోతు తక్కువ సముద్రపు నీళ్లలో బోన్‌ఫిష్‌కి 8, స్థూలంగా అంతే. ఏ చేప కోసం వెళ్తారో ఇంకా తేల్చుకోనివాళ్లు 9 అడుగుల 5 వెయిట్ తీసుకోండి, కళ్లు మూసుకుని చెప్పే సలహా ఇది. చిన్న చేప పడినా సరదా ఉంటుంది, కొంచెం పెద్దది పడినా ఆపగలదు. 4 ముక్కల రాడ్ అయితే ప్రయాణంలో ఇబ్బంది ఉండదు. ఇక రాడ్ యాక్షన్ అని ఇంకో మాట వినిపిస్తుంది. ఫాస్ట్ అంటే కొన దగ్గరే వంగుతుంది, స్లో అంటే పిడి దాకా వంగుతుంది. మొదట్లో మీడియం ఫాస్ట్ మంచిది, ఎందుకంటే వెనక్కి వేసిన లైన్ పూర్తిగా చాచుకోవడం అందులో చేతికి తెలుస్తుంది. బాగా బిగువైన ఫాస్ట్ రాడ్ దూరం వేస్తుందన్న మాట నిజమే గానీ అది వేయడం వచ్చినవాళ్ల చేతిలో. కొత్తవాళ్లు పట్టే చేపల్లో ఎక్కువ భాగం 30 అడుగుల లోపే పడతాయి.

ఇంకో ముఖ్యమైన విషయం, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఇప్పటి రాడ్లు ఎక్కువగా గ్రాఫైట్‌వి, అంటే కార్బన్ ఫైబర్‌వి. దాంట్లోంచి కరెంట్ పారుతుంది. కరెంట్ తీగల కింద రాడ్ ఎత్తకండి, ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టేసి నీళ్లలోంచి బయటికి వచ్చేయండి.

ప్రశ్న: రీల్ మంచిది కొనమని ఒకరు, రాడ్‌కే ఎక్కువ పెట్టమని ఇంకొకరు చెప్తున్నారు. బడ్జెట్ తక్కువ. దేని మీద తగ్గించుకోవచ్చు?

రీల్ మీద. 5 వెయిట్‌తో ట్రౌట్ పట్టేవాళ్లకి రీల్ చేసే పని ప్రధానంగా లైన్ చుట్టి దాచడం. చిన్న చేపని చేత్తో లైన్ లాగే ఒడ్డుకి తెస్తారు, రీల్ తిప్పాల్సిన అవసరం కూడా చాలాసార్లు రాదు. లైన్ చుట్టుకునే చక్రం, అంటే స్పూల్, వంకర లేకుండా తిరగాలి, బ్రేక్‌లా పనిచేసే డ్రాగ్ కుదుపు లేకుండా వదలాలి, అంతే చాలు. సముద్రంలో పట్టాలనుకుంటే మాత్రం ఈ సలహా వర్తించదు. అక్కడ చేప ఒక్క పరుగులో లైన్ మొత్తం లాక్కుపోతుంది, డ్రాగ్ బలంగా ఉండాలి, ఉప్పునీళ్లు లోపలికి చొరబడకుండా సీల్ చేసి ఉండాలి.

ఎక్కువ పెట్టాల్సింది లైన్ మీద, నా అభిప్రాయం ఇదే, ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను. మామూలు రాడ్‌కి మంచి లైన్ వేస్తే హాయిగా నడుస్తుంది. గొప్ప రాడ్‌కి నాసిరకం లైన్ వేస్తే ముడతలు పడుతూ, రింగుల్లో ఇరుక్కుంటూ, నీళ్లలో మునిగిపోతూ ప్రాణం తీస్తుంది. ముందు లైన్, తర్వాత రాడ్, చివర్న రీల్.

రాడ్, రీల్, లైన్ అన్నీ కలిపి సెట్‌గా అమ్ముతారు, అవి తీసుకోవచ్చా అని కూడా కొందరు అడిగారు. నిరభ్యంతరంగా తీసుకోండి, అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా ఉంటాయి, లైన్ కూడా చుట్టి ఇస్తారు. ఆ లైన్ బాలేదనిపిస్తే తర్వాత అదొక్కటి మార్చుకోవచ్చు. రీల్ ఏ చేత్తో తిప్పాలన్నదానికి ఖచ్చితమైన నియమం లేదు. కుడిచేత్తో రాడ్ పట్టేవాళ్లు చాలామంది ఎడమచేత్తో తిప్పుతారు, చేప పడ్డాక చేతులు మార్చుకునే పని ఉండదు కాబట్టి. చాలా రీళ్లని రెండు వైపులకీ మార్చుకోవచ్చు, లైన్ చుట్టకముందే తేల్చుకోండి.

ప్రశ్న: లైన్ డబ్బా మీద డబ్ల్యూఎఫ్5ఎఫ్ అని ఉంది. కొనొచ్చా? ఒక లైన్ ఎంతకాలం వస్తుంది?

కొత్తవాళ్లకి సరిగ్గా సరిపోయేది అదే. డబ్ల్యూఎఫ్ అంటే వెయిట్ ఫార్వర్డ్, బరువంతా లైన్ ముందు భాగంలోనే ఉంటుంది, వెనక సన్నగా ఉంటుంది. 5 అంటే పైన చెప్పిన వెయిట్. చివరి ఎఫ్ అంటే ఫ్లోటింగ్, నీళ్ల మీద తేలుతుంది. ఆ చోట ఎస్ ఉంటే మునిగే లైన్ అన్నమాట, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. తేలే లైన్‌తో నీటి పైనా పట్టొచ్చు, బరువున్న ఫ్లై కట్టి కిందా పట్టొచ్చు. డీటీ అని ఉంటే డబుల్ టేపర్, రెండు కొసలూ ఒకేలా ఉంటాయి, ఒక కొస అరిగితే తిప్పి చుట్టుకోవచ్చు. దగ్గర్లో నెమ్మదిగా వేసేవాళ్లకి అది ఇష్టం. నేర్చుకునేటప్పుడు వెయిట్ ఫార్వర్డే సులువు.

మీరు వెళ్లేది వేడి ప్రదేశమా, చల్లటి ప్రదేశమా అన్నది చూసుకోండి, చాలామంది దీన్ని పట్టించుకోరు. చల్లటి నీళ్ల కోసం చేసిన లైన్ ఎండకి మెత్తబడి జిగటగా అయిపోతుంది, రింగుల్లోంచి జారదు. వేడి ప్రాంతాల కోసం చేసిన లైన్‌ని చలిలో వాడితే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటుంది. డబ్బా మీద ట్రాపికల్ అనో కోల్డ్ వాటర్ అనో రాసి ఉంటుంది.

ఎంతకాలం వస్తుందన్నది మీరు చూసుకునేదాన్ని బట్టే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెడితే మురికి పోయి మళ్లీ తేలుతుంది. సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకున్న చేతుల్తో లైన్ పట్టుకోకండి, ముఖ్యంగా డీట్ ఉన్న దోమల మందు పూతని తినేస్తుంది. వేడెక్కిన కారులో వదిలేయకండి. సిమెంట్ నేల మీద ప్రాక్టీస్ చేయకండి, గడ్డి మీద చేయండి. పూతలో పగుళ్లు కనపడుతూ కొస మునిగిపోతుంటే కొత్తది తీసుకునే సమయం వచ్చినట్టే.

లైన్ వెనకాల బ్యాకింగ్ అని ఇంకో దారం ఉంటుంది, 20 పౌండ్ల లాగుడు తట్టుకునే డాక్రాన్ దారం అయితే మీకు సరిపోతుంది. ఫ్లై లైన్ మామూలుగా 90 అడుగులే ఉంటుంది కదా, చేప అంతకంటే దూరం పరిగెడితే ఆదుకునేది బ్యాకింగే. పైగా స్పూల్ నిండుగా ఉంటుంది కాబట్టి లైన్ చిన్న చిన్న చుట్టలు పడదు.

ప్రశ్న: లీడర్, టిప్పెట్, 4ఎక్స్, 5ఎక్స్… ఇవి చదువుతుంటేనే టెన్షన్ వస్తోంది. అసలు ఇంత అవసరమా?

అవసరమే, కానీ టెన్షన్ పడేంత లేదు. లావుపాటి రంగు లైన్‌కి నేరుగా ఫ్లై కడితే చేప చూసి పారిపోతుంది. మధ్యలో కనిపించని సన్నటి దారం కావాలి, అదే లీడర్. లైన్ వైపు లావుగా మొదలై ఫ్లై వైపు వచ్చేసరికి సన్నబడుతూ పోతుంది. ఊరికే సన్నటి దారం ఒకే లావులో కట్టేస్తే ఏమవుతుందంటే, లైన్ తెచ్చిన వేగం అక్కడితో ఆగిపోయి దారమంతా ఫ్లై చుట్టూ కుప్పగా పడుతుంది. క్రమంగా సన్నబడితేనే ఆ వేగం కొస దాకా పాకి, లీడర్ తిన్నగా చాచుకుని, ఫ్లై మెల్లగా దిగుతుంది.

ఫ్లై మార్చిన ప్రతిసారీ కొంచెం కొంచెం కత్తిరిస్తాం కాబట్టి లీడర్ పొట్టిదవుతూ, కొస లావవుతూ వస్తుంది. అందుకని చివర రెండడుగుల విడి దారం అతికిస్తారు, అదే టిప్పెట్. అది అయిపోతే మళ్లీ అంత అతికించుకోవచ్చు, లీడర్ ఎక్కువ రోజులు వస్తుంది.

ఎక్స్ లెక్క చెప్తాను, ఒకసారి పట్టుబడితే ఇక మర్చిపోరు. 11లోంచి ఎక్స్ అంకె తీసేయండి, వచ్చింది దారం మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 5ఎక్స్ అంటే 11లోంచి 5 పోతే 6, అంటే 0.006 అంగుళం, మిల్లీమీటర్లలో 0.15. 3ఎక్స్ అంటే 0.008 అంగుళం. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఏ ఫ్లైకి ఏది అంటే, కొక్కెం సైజుని 3తో భాగించండి. 12 నంబర్ కొక్కేనికి 4ఎక్స్, 14కి దాదాపు 5ఎక్స్, 18కి 6ఎక్స్. కొక్కెంలో కూడా అంకె పెరిగితే సైజు తగ్గుతుందని గుర్తుంచుకోండి. 9 అడుగుల 5ఎక్స్ లీడర్లు రెండు, 4ఎక్స్, 5ఎక్స్ టిప్పెట్ చెరో చుట్ట, మొదలుపెట్టడానికి ఇంతే.

నైలాన్ తీసుకోవాలా, ఫ్లోరోకార్బన్ తీసుకోవాలా? నైలాన్ చాలు. ఫ్లోరోకార్బన్ బరువెక్కువ, మునుగుతుంది, నీటి పైన తేలే ఫ్లైకి అది అడ్డం. పైగా తెగి నీళ్లలో పడిపోతే చాలాకాలం అలాగే ఉండిపోతుంది. ఏదైనా సరే, తెగిన ముక్కలు జేబులో వేసుకోండి, అక్కడ పారేస్తే పక్షుల కాళ్లకి చుట్టుకుంటాయి.

ముడుల విషయానికొస్తే రెండు బాగా వస్తే చాలు. టిప్పెట్‌ని ఫ్లైకి కట్టడానికి ఇంప్రూవ్డ్ క్లించ్, లీడర్‌కి టిప్పెట్ అతికించడానికి సర్జన్స్ నాట్. లైన్‌కీ లీడర్‌కీ ఇప్పుడు రెండింటికీ లూపులు వస్తున్నాయి, ఒకదాంట్లోంచి ఒకటి దూర్చేయడమే. ముడి బిగించే ముందు తప్పకుండా తడపండి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి దారం అక్కడే బలహీనపడుతుంది, చేప పడినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

ప్రశ్న: ఫ్లైలు వందల రకాలున్నాయి. ఏవి కొనాలి?

ట్రౌట్ కోసమైతే ఐదు రకాలతో మొదలుపెట్టండి. నీటి పైన తేలేవి రెండు, ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్. నీటి లోపల పురుగు పిల్లల్లా కనపడే నింఫ్‌లు రెండు, ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్. చిన్న చేపలా ఈదించే స్ట్రీమర్ ఒకటి, వూలీ బగ్గర్. మొదటి నాలుగూ 12 నుంచి 16 సైజుల్లో, వూలీ బగ్గర్ 8 లేదా 10లో.

ఆడమ్స్‌ని 1922లో అమెరికాలోని మిషిగన్‌లో లెన్ హాలడే కట్టాడు. అది ఫలానా పురుగు అని చెప్పలేం, బూడిద రంగులో చాలా పురుగుల్లా కనపడుతుంది, ఇప్పటికీ పనిచేయడానికి కారణం అదే. ఫెజెంట్ టెయిల్‌ని ఇంగ్లండ్‌లో ఏవన్ నదిని కాపాడే ఉద్యోగి ఫ్రాంక్ సాయర్ తయారుచేశాడు. దారానికి బదులు సన్నటి రాగి తీగతోనే ఈకని చుట్టాడు, ఆ తీగ బరువుకి ఫ్లై దానంతటదే మునుగుతుంది. ఎంత తెలివైన పనో చూడండి!

చూడటానికి నీటి పైన పట్టడమే అందంగా ఉంటుంది గానీ ట్రౌట్ మేతలో ఎక్కువ భాగం నీటి లోపలే. అందుకని నింఫ్‌లు కొంచెం ఎక్కువ పెట్టుకోండి. వాటితో పాటు చిన్న ఇండికేటర్, అంటే మన బెండు లాంటిదే, ఒకటి ఉంటే చేప ముట్టినట్టు తెలుస్తుంది. బాస్, కార్ప్ లాంటి వేరే చేపలకి ఫ్లైలు వేరు, అక్కడ ఆ నీళ్లలో పట్టేవాళ్లని అడగడమే మంచిది.

ప్రశ్న: పదహారు జేబుల జాకెట్ కొనాలా?

వద్దు. ఫ్లై డబ్బా, టిప్పెట్, దారం కత్తిరించే నిప్పర్, కొక్కెం తీసే ఫోర్సెప్స్, తేలే ఫ్లైకి రాసే ఫ్లోటెంట్, ఇవి పట్టే చిన్న సంచి చాలు. కానీ పోలరైజ్డ్ కళ్లజోడు, టోపీ మాత్రం తప్పనిసరి. నీటి మీది మెరుపుని కోసేసి లోపలి చేపని చూపిస్తుందని కొంటారు గానీ అసలు ఉపయోగం కంటికి రక్షణ. గాలి వీచే రోజు కొక్కెం మీ ముఖం పక్కనుంచే వెళ్తుంది. గడ్డి మీద ప్రాక్టీస్ చేసేటప్పుడు ఫ్లై బదులు చిన్న ఊలు ముక్క కట్టండి, అప్పుడు కూడా కళ్లజోడు పెట్టుకోండి.

ప్రశ్న: నీళ్లలో దిగడానికి వేడర్లు కొనాలా? ఈత అంతంతమాత్రం.

అయితే మొదటి సీజన్ ఒడ్డు మీదనుంచే పట్టండి. నిజంగా చెప్తున్నాను, కొత్తవాళ్లు నీళ్లలోకి దిగి చేపల్ని బెదరగొట్టేదే ఎక్కువ, అవి చాలాసార్లు ఒడ్డు పక్కనే ఉంటాయి. ఎండాకాలంలో మామూలు ప్యాంటు, పట్టు ఉన్న బూట్లతో మోకాలి లోతు దాకా వెళ్లొచ్చు. చల్లటి నీళ్లలో వేడర్లు, అంటే తడి లోపలికి రాకుండా ఛాతీ దాకా వేసుకునే ప్యాంటు, కావాలి. అవి వేసుకుంటే నడుముకి బెల్టు బిగించకుండా దిగొద్దు, పడితే నీళ్లు లోపలికి వేగంగా నిండకుండా ఆపేది అదే. చేతికర్ర ఒకటి పట్టుకోండి. పడిపోతే వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం వెళ్లే దిక్కుకి చాపి, మెల్లగా ఒడ్డుకి చేరండి, ఉధృతిలో లేచి నిలబడాలని చూడకండి.

బూట్ల అడుగున ఫెల్ట్, అంటే ఒత్తి చేసిన ఉన్నిలాంటి మందపాటి గుడ్డ, ఉంటే రాళ్ల మీద జారదు, కానీ అది తడి ఆరదు, ఒక నదిలోని నాచుని ఇంకో నదికి మోసుకెళ్తుంది. డిడిమో అనే నాచు ఇలా పాకుతోందని 2008లో న్యూజిలాండ్ ఫెల్ట్ బూట్లని నిషేధించింది. రబ్బరు అడుగు ఉన్నవే తీసుకోండి, అవి కూడా కడిగి పూర్తిగా ఆరాకే ఇంకో నీళ్లలో పెట్టండి.

ప్రశ్న: మా పాపకి పదేళ్లు. తనకి కూడా నేర్పాలని ఉంది. రీల్ లేని జపాన్ రాడ్ ఒకటి ఉంటుందట, అది పిల్లలకి బాగుంటుందా?

చాలా బాగుంటుందండీ. దాన్ని టెన్కారా అంటారు. జపాన్ కొండవాగుల్లో పుట్టిన పద్ధతి, ముడుచుకునే పొడవాటి రాడ్, దాదాపు 11 నుంచి 13 అడుగులు ఉంటుంది, దాని కొసకే లైన్ కట్టేస్తారు. రీల్ లేదు, లైన్ వదలడం చుట్టడం లేదు, పాపకి మొదటి పూటే ఫ్లై నీళ్ల మీద పడుతుంది. దూరం వేయలేరు, పెద్ద చేప పడితే వదలడానికి అదనపు లైన్ ఉండదు, కాబట్టి చిన్న వాగులకీ చిన్న చేపలకీ సరిపోతుంది. పాప ఫ్లైకి కొక్కెం కొన వెనక ఉండే చిన్న ముల్లుని ఫోర్సెప్స్‌తో నొక్కేయండి, ఎవరికైనా గుచ్చుకున్నా సులువుగా వస్తుంది.

ప్రశ్న: పట్టిన చేపని వదిలేయాలనుకుంటున్నాను. దానికోసం విడిగా ఏమైనా కొనాలా?

రబ్బరు వల ఒకటి, థర్మామీటర్ ఒకటి. ముడులున్న నూలు వల చేప ఒంటి మీది జిగురుని గీకేస్తుంది, దాన్ని రోగాల నుంచి కాపాడేది ఆ జిగురే. చేతులు తడుపుకునే ముట్టుకోండి, వీలైతే నీళ్లలో ఉంచే కొక్కెం తీయండి. ముల్లు నొక్కిన కొక్కెం అయితే క్షణంలో వస్తుంది. మరీ సన్నటి టిప్పెట్ వాడితే చేపని చాలాసేపు అలసిపోయేదాకా ఆడించాల్సి వస్తుంది, అది వదిలినా బతకకపోవచ్చు, తెగకుండా త్వరగా తేగలిగే మందమే వాడండి.

థర్మామీటర్ ఎందుకంటే ట్రౌట్ చల్లటి నీళ్ల చేప. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, పెనుగులాడిన చేప తేరుకోలేదు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చిందంటే ట్రౌట్ పట్టడం ఆపేయండి. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామునే వెళ్లి, ముందు నీళ్లు కొలిచి, తర్వాతే రాడ్ బిగించుకోండి.